మామయ్య ట్యూబు

మామయ్య కాలి పుండు మానకూడదు. మేనల్లుడికి అంతకుమించిన కోరిక లేదు.

మేనమామ పేరున్న టైలరు. పెద్దాసుపత్రి గేటుకి సరిగ్గా ఎదురుగా షాపు. పిల్లల్లేరు. ఈ కాలు మిషను తొక్కినన్నాళ్లూ షాపు నాది, ఆ తర్వాత నీదిరా అని పదిమందిలో మాటిచ్చాడు. ఆ ఆసుపత్రిలోనే రక్తం తీసే టెక్నీషియన్‌గా పనిచేసే మేనల్లుడు, ఆ షాపులో సొంత ల్యాబు పెట్టుకోవాలని ఐదేళ్లుగా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నాడు. కాలు మాత్రం తొక్కుతూనే ఉంది. మామయ్యకి గుండె మాత్రలు వేళకి తెచ్చిపెట్టేది కూడా తనే, ఏం చేస్తాడు పాపం.

చివరికి షుగరు కరుణించింది. మడమ మీద పుండు పడింది, నాలుగు నెలలైనా మానలేదు. అప్పుడు డాక్టరమ్మ జెల్ వైద్యం మొదలుపెట్టింది. రోగి రక్తమే ఒక ట్యూబు తీసి యంత్రంలో గిరగిరా తిప్పితే పైన లేత పసుపు జెల్ కడుతుంది. దాన్ని పుండులో పెట్టి కట్టు కడితే సన్నటి రక్తనాళాలు కొత్తగా మొలిచి గుంట పూడుతుంది. వారానికోసారి చొప్పున ఎనిమిది వారాలు.

మొదటి సోమవారం మేనల్లుడు జ్వరంతో సెలవులో ఉంటే నర్సు రక్తం తీసింది. రెండో వారం సూది అతని చేతికొచ్చింది, దాంతోపాటే ఆలోచనా వచ్చింది. రోగి సొంత రక్తమే వాడాలని గోడ మీద బోర్డుంది. అంటే పరాయి రక్తం పనిచేయదన్నమాట. అసలు జెల్ కట్టకపోతే డాక్టరమ్మకి అనుమానం వస్తుంది. కట్టాలి, పనిచేయకూడదు. ట్యూబు మార్చేస్తే సరి.

ఇంకొకర్ని అడిగితే గుట్టు రట్టవుతుంది కాబట్టి తన రక్తమే తీసుకున్నాడు. తెర వెనక పట్టీని పళ్లతో బిగించి ఎడమ చేతికి తనే గుచ్చుకునేవాడు. ఆ ట్యూబు మీద మామయ్య చీటీ అంటించి డాక్టరమ్మకి పంపేవాడు. మామయ్య ట్యూబుని కన్నెత్తైనా చూడకుండా చెత్తడబ్బాలో పడేసేవాడు.

ఏడు వారాలు ఇలాగే గడిచాయి. రోజురోజుకీ పాలిపోతున్నారేంటని పెళ్లాం అడిగింది. పుండు మాత్రం దర్జాగా మానుతోంది. అంచులు దగ్గరకొచ్చాయి, చర్మం కమ్ముకుంది. మేనల్లుడికి మతిపోయింది.

తొమ్మిదో సోమవారం కట్టు విప్పేశాక డాక్టరమ్మ అతన్ని గదిలోకి పిలిచింది. మామయ్య అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాడు.

"ఎడమ చెయ్యి చూపించు," అంది ఆమె.

చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మోచేతి మడతలో ఏడు సూదిపోట్లు. ఉద్యోగం, పోలీసులు, జైలు అన్నీ కళ్లముందు గిర్రున తిరిగాయి.

"రెండో వారమే కనిపెట్టానయ్యా. మీ మామయ్య గుండెకి వేసుకునేది రక్తాన్ని పలచబరిచే మాత్ర. మొదటి వారం ఆయన రక్తం జెల్ కట్టనే లేదు. ఇక లాభం లేదనుకుంటూనే ఇంకొక్క వారం చూద్దామన్నాను. ఆ వారం చక్కగా కట్టింది, నీ చేతికి దూది ఉంది. పరాయి రక్తం వద్దని బోర్డు పెట్టింది జబ్బులు అంటుతాయన్న భయంతోనే, పనిచేయదని కాదు. అందుకే ప్రతిసారీ పరీక్షలన్నీ చేయించాకే వాడాను. ఆయన కాలు కాపాడాలని గుట్టుగా నీ రక్తం ఇచ్చుకుంటున్నావు కదా అని ఊరుకున్నాను."

మేనల్లుడు మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. ఆ మాత్రలు ఎన్నేళ్లుగా తెస్తున్నాడో లెక్కలేదు.

మామయ్య చేతికర్ర లేకుండా లేచి నిలబడ్డాడు. కళ్లు తుడుచుకుని జేబులోంచి ఒక స్టాంపు కాగితం తీశాడు. షాపుని మేనల్లుడికి రాసిచ్చిన కాగితం అది. మొదటి సోమవారం తేదీ వేసి ఉంది.

"ఆ రోజు కాలు తీసేయాల్సి రావచ్చన్నారురా. నువ్వు తట్టుకోలేవని చెప్పలేదు గానీ, ఇంటికెళ్లేలోపే ఇది రాయించేశాను," అంటూ దాన్ని నిలువునా చింపేశాడు. "నీ పుణ్యమా అని ఇక దీంతో పనిలేదు."