స్యూర్ద్ మూసే తూము

రైతు స్యూర్ద్ శవపేటికను చర్చి చుట్టూ మూడుసార్లు మోసి, పూడ్చాం. ఆనవాయితీ ప్రకారం ఊరంతా పనులు వదిలేసి వచ్చింది. పక్క హాల్లో కాఫీకి కూర్చున్నాం. బయట సముద్రపు గాలి హోరు పెరిగింది.

"నలభై ఏళ్లు," అన్నాను. "పోటు వేళకి సముద్రం పొలాల కాలువలోకి రాకుండా కట్ట తూము తనే మూసేవాడు. కూతురి పెళ్లి భోజనం మధ్యలో లేచెళ్లాడు, గుర్తుందా? మనల్ని ఒక్కరోజూ సాయమడగలేదు మహానుభావుడు."

నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాం.

అతని భార్య హిస్కె కిటికీ దగ్గర నిలబడి ఉంది. "అందరూ ఇక్కడే ఉన్నారా?" అనడిగింది.

"అందరం వచ్చాం వదినా. ఇళ్లల్లో పిల్లులు తప్ప ఎవరూ లేరు," అన్నాను గర్వంగా.

ఆమె తల తిప్పలేదు.

"మరి పొలాల కాలువ సముద్రం వైపు నుంచి ఇటు పారుతోందేం?"