ఒక్క మాట వెనక్కి

“నేను స్నానం చేసి వచ్చేసరికి సగం నవల లాగించేశారా?” భార్య గొంతులో మంట.

భర్త కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పలేదు. అతను పత్రికలో సబ్ ఎడిటర్. మాటల్ని ఒక్కొక్కటిగా తెర మధ్యలో మెరిపించి చకచకా చదివించే సాఫ్ట్‌వేర్ అతనికి ఆఫీసులో అలవాటే.

“పోయేముందు మన చిన్ని రాసిన ఒకే ఒక్క నవలండీ అది. కన్నకూతురి రాతని కూడా వార్తల్లా మింగేస్తారా? అసలు మనసనేది ఉందా మీకు?”

“మామూలుగానే చదవబోయాను. మొదటి పేజీ దాటలేకపోయాను,” అన్నాడతను. “ఈ స్పీడులో అయితే ఏ మాటా కళ్ళముందు నిలబడదు. నిలబడితే నా వల్ల కాదే.”

ఆవిడ కోపం ఎటు పోయిందో తెలియలేదు. తనైతే ఇంతవరకూ ఆ ఫైలు తెరవనే లేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

“నాకూ చూపించండి. అదే స్పీడులో.”

మాటలు పరుగెత్తాయి. ఆవిడ రెప్ప వేయలేదు. ఉన్నట్టుండి చెయ్యి చాచి మీట నొక్కి ఆపేసింది.

“‘అమ్మ’ అని వచ్చిందండీ. చూస్తుండగానే వెళ్ళిపోయింది.”

“అది కథలో ఎవరో అమ్మ లే.”

“ఎవరైతేనేం, రాసింది నా కూతురు. ఒక్క మాట వెనక్కి తిప్పండి.”

వెనక్కి తిప్పే మీట ఎక్కడుందో అతనికి తెలుసు. ఈ నవల మొదలుపెట్టాక దాని జోలికే పోలేదు. ఇప్పుడు నొక్కాడు.

తెర మధ్యలో ‘అమ్మ’ అని నిలబడింది.

ముందుకి కదపడానికి ఇద్దరిలో ఎవరికీ చెయ్యి రాలేదు.