మెట్టు మీది ప్రెసిడెంటు

"వాళ్లకి ఆల్రెడీ ఓటుంది కదక్కా. మళ్లీ సెపరేట్‌గా వాయిస్ ఎందుకు?"

అడిగాడు డేనీ. వాడికి ఈమధ్యే పద్దెనిమిది నిండాయి. వచ్చే శనివారం, ఈ దేశపు రాజ్యాంగం మార్చాలా వద్దా అని జరిగే రెఫరెండంలో వేసేదే మొదటి ఓటు. బ్లాక్‌టౌన్‌లో లైబ్రరీ వెనక గదిలో వాడి ఈడు తెలుగు పిల్లలు గుంపుగా కూర్చుని ఉన్నారు. యూనివర్సిటీలో లా చదివే ప్రిస్సిల్లా వాళ్లకు విషయం విడమరిచి చెప్పడానికి వారం వారం వస్తోంది.

"ఓటుండటం వేరు, మన మాట వినేవాళ్లుండటం వేరు," అంది ప్రిస్సిల్లా. "ఇక్కడి ఆదివాసుల బతుకుల మీద చట్టాలు చేసేటప్పుడు, పార్లమెంటుకి వాళ్ల మాట చెప్పే 'వాయిస్' అనే సంఘం ఒకటి ఉండాలా, వద్దా? రాజ్యాంగంలో ఆ సంగతి రాయాలా, వద్దా? అదీ ప్రశ్న. ఎస్ ఆర్ నో."

"బట్ వాళ్ల ఎంపీలు ఉన్నారుగా! సీట్ వచ్చాక కూడా వినకపోవడం ఏంటి?"

ప్రిస్సిల్లా చదివిన పుస్తకాల్లో జవాబుంది గాని, డేనీకి తగిలేలా చెప్పడం చేతకాలేదు.

"నేనొకటి చెప్పనా?" అన్నారెవరో వెనకనుంచి.

సుబ్బు. గుంటూరు వైపు నుంచి మాస్టర్స్‌కి వచ్చినవాడు. వీసా మీద ఉన్నాడు కాబట్టి అతనికి ఓటు లేదు. ప్రొజెక్టర్ పెట్టి, ఓ మూల నిలబడి, అయిపోగానే వెళ్లిపోతాడు. అతను నోరు తెరవడం ప్రిస్సిల్లా అదే మొదటిసారి చూడటం.

"మా ఊళ్లో ఒకసారి పంచాయతీ ప్రెసిడెంటు పదవి పేటకి రిజర్వ్ అయింది. పేటంటే, అంటరానివాళ్లని చెప్పి ఊరికి దూరంగా పెట్టిన ఇళ్లు. కరుణమ్మ గారని, ఆవిడ గెలిచింది. పంచాయతీ ఆఫీసు బోర్డు మీద పేరు ఆవిడదే. లోపల కుర్చీలో కూర్చునేది మాత్రం ఊరిపెద్ద. ఆవిడ బయట మెట్టు మీద కూర్చునేది. కాగితాలు బయటికి పంపితే సంతకం పెట్టేది. ఆ గుమ్మంలోంచి చూస్తే ఆవిడ వీపే కనపడేది. ఎండకి జాకెట్టంతా తడిసిపోయి..."

ప్రొజెక్టర్ ఆపేసి మళ్లీ మొదలుపెట్టాడు.

"ఓ ఎండాకాలం పేటలో బోరు నీళ్లు చెడ్డాయి. కొత్త పైపు ముందు పేటకి వెయ్యమని అడగాలని ఆవిడ ఆశ. 'ఒక్కమాటయ్యా' అనేది లోపలికి తొంగిచూసి. 'తర్వాత చూద్దాంలే' అనేవారు. వెళ్లినప్పుడల్లా అంతే. చివరికి పైపు ఊళ్లోకే వేశారు. ఆ కాగితం మీద కూడా ఆవిడ చేతే సంతకం పెట్టించారు. పేటలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆవిడ చిన్నకూతురు పోయింది."

"తర్వాత?" అన్నాడు డేనీ, మెల్లగా.

"పాపని పూడ్చాక మళ్లీ వచ్చింది. మెట్టు మీదే కూర్చుంది. ఇక ఎప్పుడూ 'ఒక్కమాటయ్యా' అనలేదు."

పిల్లలంతా వెళ్లాక ప్రిస్సిల్లా అతని దగ్గరికొచ్చింది.

"ఆవిడ... మీ అమ్మా, అన్నా?"

సుబ్బు తల వంచుకుని ప్రొజెక్టర్ వైరు చుడుతున్నాడు. జవాబు రాలేదు. ప్రిస్సిల్లాకు అదే జవాబు అనిపించింది.

ప్రిస్సిల్లా తల్లి మరియరాణి వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో నర్సు. ఇంటికొచ్చి కూతురు ఆ సంగతంతా చెబుతుంటే, విన్నంతసేపూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె పుట్టింది కూడా ఒక పేటలోనే.

"పేరు సుబ్బు అయితేనేం, మనవాడేనే! బళ్లో ఒక పేరు, చర్చిలో ఒక పేరు మనవాళ్లలో మామూలేగా. రేపు అన్నానికి పిలువు."

సుబ్బు వచ్చాడు. నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, చెయ్యి ఆగిపోయింది.

"తిను నాయనా. మీ అమ్మ పెట్టిందనుకో."

"ఆంటీ, నేను మీరనుకునే..."

"వద్దు బాబూ, ఏం చెప్పొద్దు. ఇంకోసారి గుర్తు చేసి నిన్ను ఏడిపించనులే."

అతను కళ్లనీళ్లతోనే చెయ్యి కడుక్కుని లేచాడు.

ఆనాటి నుంచి కరుణమ్మ ప్రిస్సిల్లాను వదల్లేదు. స్టేషన్ మెట్లెక్కుతుంటే పక్కన ఎవరో కూర్చున్నట్టుండేది. తిరిగి చూస్తే ఖాళీ. క్లాసులో తలుపు తెరిచి ఉంటే చదువు సాగేది కాదు. లేచి వెళ్లి చూసి వచ్చేది. బయట ఎవరూ ఉండేవారు కాదు. వీపుకి అంటుకున్న తడి జాకెట్టు ఒకటి, కళ్లు మూసినా కనిపించేది.

ఓటింగ్ రోజున బడి గేటు దగ్గర ఒక ఆదివాసీ పెద్దావిడ కరపత్రాలు పంచుతోంది. ప్రిస్సిల్లా ఓటు వేసి తిరిగి వచ్చేసరికి, కాళ్లు పీకాయి కాబోలు, అటు తిరిగి మెట్టు మీద కూర్చుని ఉంది. ఆ వీపు చూడగానే ప్రిస్సిల్లా వెళ్లి పక్కన కూర్చుంది.

"ఎండ ఎక్కువగా ఉంది కదా, ఆంటీ?"

"అలవాటేలే అమ్మాయ్," అంటూ ఆవిడ నవ్వి కాస్త జరిగి చోటిచ్చింది.

దేశం 'నో' అంది.

మర్నాడు గదిలో మిగిలిన పోస్టర్లు తీసెయ్యడానికి ప్రిస్సిల్లా, సుబ్బు ఇద్దరే వచ్చారు. డేనీ అప్పటికే ఫోన్ చేసి ఏడ్చాడు: "ఐ వోటెడ్ ఎస్ ఫర్ కరుణమ్మ ఆంటీ, అక్కా." ఆ మాట చెబితే సుబ్బు చేతిలో పోస్టరు కింద పెట్టేశాడు.

"అన్నా, అమ్మతో నేనొక్కసారి మాట్లాడనా? ఆవిడ మాట ఇక్కడి పిల్లలు విన్నారని చెప్తాను. ఫోన్ కలుపు."

"ఆవిడతో నేనెప్పుడూ మాట్లాడలేదు, ప్రిస్సిల్లా."

ఆమెకు అర్థం కాలేదు. "అదేంటి?"

సుబ్బు తలెత్తి ఆమె కళ్లలోకి చూశాడు.

"లోపల కూర్చున్నది మా నాన్న."