తోటమాలి ఇంకా జైల్లోనే ఉన్నాడు

"సార్, మీ గొడుగు మాస్టారు ఈసారి తప్పు మనిషిని పట్టించారు."

తలుపు తీయగానే ఆ ముసలాయన అన్న మొదటి మాట అది.

రచయిత నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు?

గొడుగు మాస్టారు ఆయన నవలల్లో హీరో. బళ్ళో పిల్లలకి భూగోళం చెప్పుకునే మనిషి. సెలవు దొరికితే చాలు, గొడుగు చంకన పెట్టుకుని హంతకుల వెంట పడతాడు. పంతొమ్మిది నవలల్లో పంతొమ్మిది మందిని పట్టించాడు. ఒక్కసారి కూడా పొరబడలేదు. పోలీసులే నోరెళ్ళబెట్టేవాళ్ళు.

"హంతకుడు తోటమాలే కదండీ! కిటికీ కింద బురదలో అతని బూట్ల గుర్తులు దొరికాయిగా?"

"దొరికాయి సార్. రెండు కాళ్ళ గుర్తులూ ఒకే లోతున పడ్డాయని నూట పన్నెండో పేజీలో రాశారు."

ముసలాయన సంచీలోంచి పుస్తకం తీశాడు. దాన్నిండా గుర్తుకి పెట్టుకున్న కాగితం ముక్కలే.

"కానీ నలభయ్యో పేజీలో తోటమాలికి ఎడమకాలు కుంటి. కుంటే మనిషి అడుగులు రెండూ ఒకేలా ఎలా పడతాయి సార్?"

రచయిత తల గోక్కున్నాడు.

వారానికి రెండు అధ్యాయాలు రాసి పత్రికకి పంపేయడమే తప్ప, వెనక్కి తిరిగి చదివే అలవాటు ఆయనకి లేదు. ఎవరికి కుంటి పెట్టాడో, ఎవరికి దగ్గు పెట్టాడో ఎవరికి గుర్తు!

"నవలన్నాక అలాంటివి చూసీచూడనట్టు పోవాలండీ."

"అయ్యో, ఎలా పోతాం సార్? అతను ఇంకా జైల్లోనే ఉన్నాడు."

పక్కవీధిలో ఉన్నాడు అన్నంత మామూలుగా అన్నాడు ఆ మాట.

తర్వాతి శనివారం నాలుగింటికి మళ్ళీ వచ్చాడు. ఆ పై శనివారం కూడా. గంట కొట్టినట్టు నాలుగింటికే.

రచయిత భార్య కాఫీ ఇచ్చేది. అది తాగుతూ ముసలాయన వరండాలో ఆవిడ కుండీల్ని పరామర్శించేవాడు.

"ఆ ఎండు కొమ్మ తీసేయండమ్మా, కింద చిగురుంది."

ఆయన చెయ్యి పడ్డాక మొక్కలన్నీ కళకళలాడాయి.

"ఈయన తోటమాలి పని చేసినాయనే అయ్యుంటాడండీ," అంది ఆవిడ ఓరోజు. "పాపం, ఎవరో ఇలాగే ఇరికించి జైలుకి పంపి ఉంటారు. కాస్త ఆయన మాట వినరాదూ?"

"విని ఏం చెయ్యను? మాస్టారు తప్పు చేశాడని రాస్తే నా పాఠకులు నా మొహం చూస్తారా?"

"మాస్టారే మంచివాడు, చెబితే ఒప్పుకుంటాడు. మీతోనే వచ్చింది చిక్కంతా."

ఇంట్లోనే ప్రతిపక్షం తయారయ్యేసరికి రచయితకి ఒళ్ళు మండింది. ఆరో శనివారం గుమ్మంలోనే అరిచేశాడు.

"తోటమాలీ లేడు, జైలూ లేదు! ఉన్నదంతా కాగితం! ఇక నన్ను వదిలెయ్యండి బాబూ!"

ముసలాయన నొచ్చుకోలేదు. పుస్తకం మెల్లగా సంచీలో పెట్టుకున్నాడు.

"నిజమే సార్, కాగితమే. కాగితం మీద ఒకసారి రాసేశాక మార్చడం మహా కష్టం. మీకైతే వీలవుతుందనుకున్నాను."

చిన్న కాగితం మీద తన చిరునామా రాసి రచయిత భార్య చేతికిచ్చాడు.

"అతను విడుదలైతే ఒక్క ముక్క రాయండమ్మా."

మళ్ళీ రాలేదు.

పీడా పోయిందనుకున్నాడు రచయిత. కానీ శనివారం వస్తే చాలు, నాలుగింటికి ఆయన చూపు గేటు మీదికే పోయేది. భార్య కాఫీ ఒక గ్లాసు ఎక్కువే కలిపేది.

ఒకరోజు ఆవిడ చూడకుండా తన నవల తనే తీసి చదివాడు. నలభయ్యో పేజీ. నూట పన్నెండో పేజీ.

ముసలాయన చెప్పింది అక్షరాలా నిజం.

ఇరవయ్యో నవల ఆరు నెలలు పట్టింది. రాసిన ప్రతి ముక్కా వెనక్కి తిరిగి చదివాడు. అందులో గొడుగు మాస్టారు జోరువానలో జైలు గేటు ముందు నిలబడతాడు. కుంటుకుంటూ బయటికొచ్చిన తోటమాలికి గొడుగు పట్టి, తను తడుస్తూ, "తప్పు నాదే నాయనా, క్షమించు," అంటాడు.

రచయితకి ఏడుపొచ్చింది. తన హీరో మీద అంత ప్రేమ ఆయనకి ఎప్పుడూ కలగలేదు.

మొదటి కాపీ చేతికి రాగానే భార్యాభర్తలిద్దరూ ఆ చిరునామాకి వెళ్ళారు.

గేటు తీస్తే లోపలంతా మొక్కలే. అడుగు పెట్టడానికి చోటు లేదు.

"నేను చెప్పలా?" అంది భార్య.

ముసలాయన కూతురు తలుపు తీసింది. చేతిలో పుస్తకం చూడగానే పోల్చుకుంది.

"మాస్టారు ఒప్పుకున్నారా అండీ?"

"ఒప్పుకున్నాడమ్మా. తోటమాలి బయటికొచ్చాడు. నాన్నగారిని ఒక్కసారి పిలువు."

"నాన్న పోయి నెలయిందండీ. చివరిదాకా ఉత్తరం వచ్చిందా అని అడుగుతూనే ఉన్నారు."

రచయిత అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. ఆరో శనివారం తను అరిచిన అరుపు చెవుల్లో మోగింది.

"అమ్మా, అడగొచ్చో లేదో... చెయ్యని నేరానికి జైలుకెళ్ళిన తోటమాలి, నాన్నగారే కదూ?"

"కాదండీ. ఈ మొక్కల పని రిటైరయ్యాకే నేర్చుకున్నారు."

ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని పుస్తకం అందుకుంది. చివరి పేజీ తీసి నిలబడే చదివింది. చదివి, కళ్ళొత్తుకుంది.

"నాన్న జడ్జిగా చేశారండీ... ఆయన శిక్ష వేసిన తోటమాలి ఏ తప్పూ చెయ్యలేదని తేలేసరికి, అప్పటికే ఆ మనిషి జైల్లో చనిపోయాడు."