ఖాళీని చూపించే బాణం

బాణం మళ్లీ పైకెక్కింది.

లక్ష్మీకాంత్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. తెర మీద అదే గ్రాఫు. బోరు నీటిలో నెలనెలా ఎంత ఉప్పుందో చెప్పే నీలం గీత. ఆ పైన ప్రమాదపు హద్దు చెప్పే ఎర్ర గీత. నీలం ఎక్కడా ఎరుపును తాకలేదు. కానీ 'అత్యధికం ఇక్కడే' అన్న మాటను మోస్తున్న నల్లటి బాణం మాత్రం ఎర్ర గీతకు బెత్తెడు పైన, ఏమీ లేని తెల్లటి ఖాళీని చూపిస్తోంది.

పొద్దుటి నుంచి రెండుసార్లు దాన్ని మౌసుతో కిందికి లాగి నీలం గీత మీద కూర్చోబెట్టాడు. ఫోను మాట్లాడి వచ్చేసరికి అది మళ్లీ మొదటి చోటికే చేరింది.

ఎవరికో ఏదో తెలుసు. తెలిసి తనతో ఆడుకుంటున్నారు.

ఆ నీటి పరీక్షల కేంద్రంలో ఈ పని చూసేది ఇద్దరే. తనూ, జెస్సికా. మధ్యాహ్నం పామర్రులో అధికారుల ముందు ఈ గ్రాఫు పెట్టాలి. నీలం ఎరుపును దాటలేదంటే ఆ బోరు పక్కనే రొయ్యల చెరువులకు అనుమతి వస్తుంది. ఒక్క నెలలో దాటినా రాదు. చెరువులొస్తే ఇంకా ఉప్పెక్కే ఆ బోరు నీళ్లు తాగే పేటలోనే జెస్సికా తల్లి ఆదెమ్మ ఉంటుంది.

అనుమానానికి ఇంతకన్నా ఏం కావాలి?

"జెస్సికా, ఇలా రా. ఈ బాణాన్ని ముట్టుకున్నావా?"

"లేదు సార్. మీరు చెప్పినట్టు కింద నెలల పేర్లు సరిచేసి మళ్లీ రన్ చేస్తున్నానంతే. తెలుగు అక్షరాలన్నీ డబ్బాలు డబ్బాలుగా వచ్చాయి కదా, ఫాంటు మార్చా. ఇరుకైపోయాయి, నెల విడిచి నెల వెయ్యమన్నారుగా. వేశా. ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్..."

"పేర్లు బాగానే ఉన్నాయి. బాణం సంగతి చెప్పు. నేను పక్కకెళ్లినప్పుడే ఎందుకు ఎక్కుతోంది? కాళ్లున్నాయా దానికి?"

జెస్సికా నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

"మీ ఊరి మీద ప్రేముంటే ఇంట్లో ఉంచుకో అమ్మాయ్. గ్రాఫులోకి తీసుకురాకు."

"లేని ఉప్పు ఉందని చూపిస్తే మా అమ్మకేం ఒరుగుద్ది సార్?"

ఫోను మోగింది. బావమరిది. "పనిలో ఉన్నాను రా, తర్వాత" అని కట్ చేశాడు లక్ష్మీకాంత్.

ఆమెను ఎదుటి కుర్చీలో కూర్చోమన్నాడు. గ్రాఫు గీసే ప్రోగ్రాం తనే రన్ చేశాడు. జెస్సికా చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి.

బాణం ఆయన కళ్లెదుటే పైన వెలిసింది.

"లోపల ఏం పెట్టావ్?"

"సొలొమోను అన్ననడుగుతా సార్. నాకిది నేర్పింది ఆయనే." తెరను ఫొటో తీసి పంపి, ఫోను స్పీకర్లో పెట్టింది. "అన్నా, బాణం గాల్లో ఆగిపోతోంది. సార్ కిందికి లాగినా నిలబడట్లేదు."

"మౌసుతో లాగితే ఎందుకు నిలబడుద్ది? మళ్లీ రన్ చెయ్యగానే దాని చోటుకి అది పోద్ది. ఉప్పు కొలిచే మీటరు నుంచి వచ్చిన ఫైల్లో ఏ నెల ఎక్కువుంటే దాన్ని చూపించమని నువ్వే రాశావు కదే పిల్లా! మరి నీలం గీత దేన్నుంచి గీస్తున్నావ్?"

"సార్ చూసి ఓకే చేసిన షీటు నుంచి."

"అదీ సంగతి. ఆ రెండూ ఒకటి కాదన్నమాట."

లక్ష్మీకాంత్ ఫోను మీదికి వంగాడు. "అవన్నీ తర్వాత బాబూ. టైం లేదు. ఇప్పటికి బాణం కనపడకుండా ఉండాలంటే?"

"ప్రోగ్రాంలో బాణం గీసే లైను ముందు హాష్ గుర్తు పెట్టండి సార్. ప్రోగ్రాం దాన్ని చదవదు. కాకపోతే పొగొస్తోందని ముక్కు మూసుకున్నట్టే. ఫొటో ఉందిగా, సాయంత్రం తీరిగ్గా చూస్తా."

జెస్సికా ఇవేవీ వినడం లేదు. షీటు తెరిచి, తెర మీద వేలు పెట్టి నెలలు చదువుకుంటోంది.

"మార్చి... ఏప్రిల్... జూన్... సార్! మే లేదు!"

కింద వన్ టౌన్ వీధిలో తోపుడు బండివాడెవడో ఆటోవాణ్ణి తిడుతున్నాడు.

"మేలో కాలువలు కట్టేస్తారు సార్. మా పేటంతా ఆ బోరు మీదే బతికేది అప్పుడే. ఎండలో నేనే వెళ్లి పరీక్షకి నీళ్లు తీసుకొచ్చా. అదెలా పోద్ది?"

లక్ష్మీకాంత్ నుదురు తుడుచుకున్నాడు.

"నిన్ను అనవసరంగా అన్నాను. తప్పు నాదే."

"అయ్యో, అంత మాటెందుకు సార్. ఆ మే చుక్క పెడితే నీలం ఎరుపును దాటుద్ది కదా?"

"దాటుతుంది. నువ్వు కిందికెళ్లి టిఫిన్ చేసి రా. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. మే సంగతి నేను చూసుకుంటాను."

జెస్సికా కళ్లు చెమర్చాయి. "అమ్మకి ఫోన్ చేసి చెప్తా సార్, మీరున్నారని."

మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు ఆగిపోయాక, చెరువులు తవ్వబోయే బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకుని మొన్న షీటులోంచి మే నెలను తన చేత్తోనే తుడిచేసిన లక్ష్మీకాంత్, ఆ రోజే ఇదీ చేసి ఉండాల్సిందనుకుంటూ బాణం లైను ముందు హాష్ గుర్తు పెట్టాడు.