ఐసు డబ్బా నీళ్లు

ఎండలు ముదిరితే ఖానాపూర్ దగ్గర గోదావరిలో మిగిలేది ఒక్క మడుగే.

ఆ మడుగు ఒడ్డున ఒకామె చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, సీసాల్లో నీళ్లు పడుతోంది.

ఎల్లేశం వల భుజానేసుకుని దగ్గరికి పోయాడు.

"ఎవలమ్మా మీరు?"

"పేరడక్కన్నా. మీతో కలిశానంటే రేపు ఈ పరీక్ష చెల్లదంటారు."

"ఏం పరీక్ష?"

"చేప ఒంటి జిగురు నీళ్లలో కలుస్తుంది. అందులోని డీఎన్‌ఏ చూస్తే మడుగులో ఏయే చేపలున్నాయో తెలుస్తుంది. రేపూ వస్తాను."

పెద్దమనసుతో బొమ్మె చేపనొకటి ఇవ్వబోయాడు. ఆమె చప్పున వెనక్కి జరిగింది.

"దూరం పెట్టన్నా, నీళ్లు పాడవుతాయి!"

ఎల్లేశానికి ఒళ్లు మండింది. చేప తగిలితే నీళ్లు పాడవుతాయట! ఈమె చేపల్ని కనిపెడుతుందట!

ఇంటికొచ్చి పెళ్లాం భూమవ్వ మీద విరుచుకుపడ్డాడు.

"ఈడ ఫ్యాక్టరీ వెడ్తమన్నోళ్లు పంపిన మనిషే గామె! మడుగుల చేపలు లేవని రాసిస్తది. ఆళ్లు మురికినీళ్లు ఇడుస్తరు. ఇగ మన బతుకు ఆగమే."

"ఫికర్ జెయ్యకు. ఫ్యాక్టరీ వద్దని పట్నంల ఎవలో అర్జీ వెట్టిండ్రట గదా."

"గా పుణ్యాత్ముడు జర మొకం సూపిస్తే, ఈ యేడు తొలి చేప ఆయనకే."

వేసవిలో వలకు చేప సరిగా పడదు. భూమవ్వ కరీంనగర్ నుంచి ఐసు చేపలు తెచ్చి అమ్ముతుంది. ఆ డబ్బాలో ఐసు కరిగిన నీళ్లు నిండా ఉన్నాయి.

ఎల్లేశానికి ఉపాయం తట్టింది.

తెల్లవారగానే, ఆమె రాకముందే, డబ్బా నీళ్లన్నీ మడుగులో గుమ్మరించాడు.

"ఇగ సూడనీ, ఎన్ని చేపలు గనవడ్తయో!"

కలెక్టరాఫీసులో ఆ అర్జీ మీద విచారణ రోజున ఊరంతా కదిలింది.

అధికారి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"సీసాల్లో వంజరం, చందువ జాడలున్నాయి. సముద్రం చేపలు గోదావరి మడుగులోకి ఎలా వచ్చాయి? ఎవరో కలిపారు. ఈ పరీక్ష చెల్లదు. ఫ్యాక్టరీని ఆపలేం."

భూమవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. తన డబ్బాలో ఉన్నవి ఆ చేపలే.

ఎల్లేశం తన రెండు చేతులూ చూసుకున్నాడు. ఉన్న చేపల్ని తన చేత్తోనే లేకుండా చేసుకున్నాడు.

"అర్జీ పెట్టినవాళ్లు చెప్పుకునేదేమైనా ఉందా?"

ఎల్లేశం గిర్రున వెనక్కి తిరిగాడు. ఆ పుణ్యాత్ముడైనా ఏదో ఒకటి చెప్పి గట్టెక్కిస్తాడని ఆశ.

చివరి వరుసలోంచి ఆ రబ్బరు తొడుగులామె లేచి నిలబడింది.