చుక్కి మెడపట్టీ

పొద్దున్నే పాలు పిండే యంత్రం మొండికేసింది. గేదె ఎలక్ట్రానిక్ మెడపట్టీ వివరాలు డేటాబేస్ నుంచి అందితేనే అది కదులుతుంది. పొదుగులు నిండిన గేదెలు అరుస్తున్నాయి. చేత్తో పిండడం ఆ ఇంట్లో ఎవరికీ రాదు.

కోడలు రజిత కొట్టంలోని సర్వర్ ముందు కూర్చుంది. డేటాబేస్ నడుస్తూనే ఉంది, కానీ యంత్రాన్ని లోపలికి రానివ్వడం లేదు. లాగ్ తెరిస్తే సంగతి బయటపడింది. కనెక్షన్లన్నీ నిండిపోయాయి. నిన్న దూడలకు కొత్త పట్టీలు కట్టారు. అమ్మేసిన, చనిపోయిన గేదెల పట్టీలేమో గోడకు వేలాడుతూనే తలా ఒక కనెక్షన్ పట్టుకుని ఉన్నాయి.

“అత్తమ్మా, గోడకున్నయన్నీ బంద్ జేస్తున్న.”

రాజవ్వ పరుగున వచ్చింది. “చుక్కిది ఉండనియ్యి బిడ్డా. అది సచ్చిపోయినా, తెర మీద పేరన్న కనబడుతది.”

రజిత చెయ్యి ఆగింది. “ఒక్కటుంటే ఏంగాదు తియ్యి అత్తమ్మా.”

మిగిలినవి ఆపి సర్వీసును మళ్లీ మొదలుపెట్టగానే యంత్రం గేదెలను పేరుపేరునా పిలిచింది. క్యానులో పాలు నురగలు కట్టాయి. చుక్కి పేరు పిలిచి యంత్రం కాసేపు ఎదురుచూసింది. అత్తాకోడళ్లు కూడా పని ఆపి, దాంతోపాటే నిలబడ్డారు.